పచ్చ వల కింద ప్రెసిడెంటుగారు

కడియం నర్సరీల సంఘం హాల్లో సత్తిరాజుగారి పటం ఆకుపచ్చగా ఉండటానికి కారణం దిష్టి అని కొందరు, జబ్బు అని కొందరు అంటున్నారు. రెండూ కావు, వెలుతురు. ఆ సంగతి తెలిసిన నేను రాయకపోతే జబ్బే ఖాయమైపోతుంది.

రాజమండ్రి స్టూడియోలో సీనియర్ ఫొటోగ్రాఫరుగా నేను రిటైరవడానికి ముందు వేసవిలో వచ్చిన పని అది. సంఘానికి కొత్త ప్రెసిడెంటు సత్తిరాజుగారిని నేను ఫొటో తీయాలి. దాన్ని చూసి పెద్దాపురం ఆర్టిస్టు వెంకన్నగారు నూనె రంగుల్లో పటం వేయాలి.

గ్రంథాలయంలో చిత్రకళ మీద ఉన్న పుస్తకాలన్నీ అప్పటికే చదివేశాను. పాత చిత్రకారులు ఎండను సూటిగా ముఖం మీద పడనివ్వరు, కిటికీ తెరలోంచి వడకట్టి వాడతారు. మేం లైటుకు తెల్ల గొడుగు అడ్డం పెట్టేదీ అందుకే. నర్సరీలో లేత మొక్కలకు ఎండ తగలకుండా పైన కట్టే వలను మించిన వడపోత ఎక్కడుంది? సత్తిరాజుగారికి దాని కిందే కుర్చీ వేయించాను. నీడలు వెన్నలా దిగాయి. వల ఆకుపచ్చది కనుక ముఖమూ ఆకుపచ్చగా వచ్చింది.

ఆ వెలుతురులో ఏది తెలుపో కెమెరాకు చెప్పడాన్ని వైట్ బ్యాలెన్స్ అంటాం. అప్పుడు చెప్పకపోయినా తరవాత కంప్యూటర్లో సరిదిద్దవచ్చు. నేను ఆ పనికి కూర్చునే లోపే వెంకన్నగారు తొందరమీద వచ్చి, సరిదిద్దని ప్రింటు పట్టుకుపోయారు.

పటం ఆవిష్కరణ ముందురోజు వచ్చింది. ఇదేంటని అడిగితే, "నేనాయన్ని ఎప్పుడూ చూళ్ళేదండి. మీరు బుక్సు చదివి తీసేవారు కదా, ఏదో స్టైలనుకున్నానండి" అన్నారు వెంకన్నగారు.

సత్తిరాజుగారి భార్య సుభద్రమ్మగారు పటాన్ని కిందికీ పైకీ చూశారు. "మా ఆయన్ని మనీప్లాంటు చేసేశారేంటండీ? పొద్దున్నే నీళ్ళు పొయ్యమంటారా? రేపు మా వియ్యాలవారొస్తున్నారు. ఇది గోడెక్కిందంటే నేను హాలు గడప తొక్కనండి!"

"పోన్లే, నర్సరీవాణ్ణే కదా" అని నవ్వబోయిన సత్తిరాజుగారు ఆవిడ చూపుకి ఆగిపోయారు.

పచ్చిగా ఉన్న నూనె రంగు మీద మళ్ళీ వేస్తే బురదవుతుంది. అప్పుడు చదువు అక్కరకొచ్చింది: ఆకుపచ్చను ఎరుపు చంపుతుంది. ఆవిష్కరణ హాలు ముందు పందిట్లో కాబట్టి, టెంట్ హౌస్ అప్పారావుగారికి ఫోన్ చేసి పందిరంతా ఎర్రగుడ్డే కట్టమన్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తెర లాగారు. పటంలో సత్తిరాజుగారు చక్కని చామనచాయలో ఉన్నారు. సుభద్రమ్మగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. అయితే ఎదురుగా కూర్చున్న సంఘమంతా, వియ్యాలవారితో సహా, మందారాల్లా ఉంది. పందిట్లో మనిషి రంగులో ఉన్నది పటం ఒక్కటే.

వియ్యంకుడుగారు పటాన్నీ, పక్కనున్న సత్తిరాజుగారినీ మార్చి మార్చి చూశారు. "బావగారూ, పటంలో బానే ఉన్నారండి. మీకే ఒంట్లో బాలేనట్టుంది. ఓసారి బీపీ చూపించుకోండి."

సాయంత్రం పందిరి విప్పి పటాన్ని హాల్లోకి మార్చారు. ఆకుపచ్చ తిరిగొచ్చింది.

బొమ్మ వేసేవాడైనా, ఫొటో తీసేవాడైనా మనిషి ముఖం కంటే ముందు అతని నెత్తిమీద ఏముందో చూసుకోవాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

ఉన్నదున్నట్టు వేసిన వెంకన్నగారికి, ఎర్రగుడ్డ కట్టిన అప్పారావుగారికి, కుర్చీలో కదలకుండా కూర్చున్న సత్తిరాజుగారికి, అడిగిన పుస్తకమల్లా ఇచ్చిన లైబ్రేరియన్ మార్తమ్మగారికి కృతజ్ఞతలు. సుభద్రమ్మగారికి కూడా. ఆవిడకు మాత్రం గడప బయటే చెప్పుకోవాలి, ఇప్పటికీ లోపలికి రారు.