పిట్ట లేదని తెలిసిన పాప

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో స్టూడియో పెట్టిన ఆ తొలి రోజుల్లో, వెలుతురు గురించి నాకు తెలియనిది ఇంకేమీ మిగల్లేదని నమ్మేవాణ్ణి. పదో తరగతి దగ్గర ఆగిన చదువును గ్రంథాలయంలో కూర్చుని పూర్తిచేసుకున్నవాణ్ణి కదా, నమ్మకానికి బలం ఎక్కువ. అట్ట ఊడిన ఒక లావుపాటి ఫొటోగ్రఫీ పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని ఎనిమిది నెలలు చదివాను. (చివరి ముప్పై పేజీలు లేవు. పిల్లల్ని ఫొటో తీయడం గురించి ఆ పేజీల్లోనే ఉందని తర్వాత విషయసూచికలో చూశాను.) పరీక్ష దరఖాస్తు కోసం ఫొటోకి వచ్చిన విద్యార్థికి కూడా చెంప మీద నీడ ఎటు పడాలో వివరించి గానీ వదిలేవాణ్ణి కాదు. ఎల్బీ నగర్‌లో ఒక పెద్దాయన స్టూడియో ఉండేది. ఎవరొచ్చినా ఫ్లాష్ సూటిగా ముఖం మీద కొట్టి, గోడకు సున్నం వేసినట్టు తీసేవాడు. ఆయనకు సున్నం తాత అని పేరు పెట్టింది నేనే. ఫొటో కాగితాలు కొనే దుకాణంలో ఒకసారి కనిపిస్తే అరగంట సేపు నీడల మీద పాఠం కూడా చెప్పాను. "మంచిగ చదివినవ్ బిడ్డా" అని కాగితాల కట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

మా అమ్మాయికి మూడున్నరేళ్లప్పుడు ఎల్బీ నగర్‌లో ఒక బడిలో చోటు దొరికింది. ఫారం ఇవ్వడానికి గడువు ఆ రోజు సాయంత్రం నాలుగు వరకే. దాటితే ఆ చోటు ఇంకొకరికి. పాస్‌పోర్టు సైజు ఫొటో తప్ప అన్నీ సిద్ధం. ఇంట్లోనే ఫొటోగ్రాఫర్ ఉన్నాడన్న ధీమాతో దాన్ని చివరి రోజు దాకా వదిలేశాం. పొద్దున పదింటికి పాపను స్టూలు మీద కూర్చోబెట్టి, పుస్తకంలో చెప్పినట్టు లైట్లు సర్దాను. పిల్లల కోసం నా దగ్గర ఉన్నది ఒకటే ఉపాయం. కెమెరా పక్కన రబ్బరు పిట్టను నొక్కి, "ఇటు చూడు, పిట్ట ఎగురుతది" అనడం. వచ్చిన పిల్లలంతా నోరు తెరుచుకుని చూసేవారు. మా అమ్మాయి పాకడం నేర్చిందే ఆ స్టూడియోలో, ఆ పిట్ట వెనకాల. "ఎగరదు నాన్నా. దాని పొట్టకు చిల్లి ఉంది" అంది. పైగా నేను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే మూడుకి ఫ్లాష్ వెలుగుతుందని కూడా తెలుసు. మూడు అనగానే కళ్లు గట్టిగా మూసుకునేది. రెండుకే నొక్కాను. తర్వాతిసారి ఒకటికే మూసుకుంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు మూసుకున్న ఫొటోలు యాభై దాటాయి. నీడలు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే పడ్డాయి.

"ఏవండీ, సీటు నీడలకి ఇవ్వరండీ, పిల్లకిస్తారు" అంది మా ఆవిడ. (వాళ్లది గుంటూరు వైపు. కోపం వచ్చినా అండీలు తగ్గవు.) పాపను చంకనేసుకుని మెట్రో ఎక్కింది. వెనకాల నేను.

బడి పక్కన ఉన్నది ఒకటే స్టూడియో. సున్నం తాతది. అప్పటికి మూడున్నర. వాళ్లిద్దర్నీ లోపలికి పంపి, నేను గుమ్మం బయట ఫోను చూసుకుంటున్నట్టు నిలబడ్డాను. మేం కలిసి రావడం తాత ముందే చూసినట్టున్నాడు.

"ఏందమ్మా, నీ పెనిమిటి ఫొటోలు తీస్తడు గద. గీడికెందుకొచ్చిన్రు?"

"ఆయనకి కుదర్లేదు బాబాయ్ గారూ."

తాత బయటికి తొంగిచూశాడు. "లోపలికి రా బిడ్డా, ఎండల ఎందుకు. పుస్తకంల పోరగాండ్ల గురించి రాయలేదా?"

"ఆ పేజీలు చినిగినయ్ తాతా" అన్నాను. నిజమే చెప్పాను గానీ, ఆయన చాలాసేపు నవ్వాడు.

తర్వాత పాపను కుర్చీలో కూర్చోబెట్టి, ఉత్త వేలు గాల్లోకి చూపించి, "అగో బిడ్డా, పిట్ట" అన్నాడు. చేతిలో రబ్బరు పిట్ట కూడా లేదు. లెక్కా పెట్టలేదు. మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని, చిన్నగా నవ్వుతూ ఆ వేలి వైపే చూసింది. ఫ్లాష్ వెలిగింది. నాలుగుకి అయిదు నిమిషాల ముందు ఫారం ఇచ్చేశాం.

తిరుగు మెట్రోలో అడిగాను. "పిట్ట లేదని నీకు తెలుసు గదా, మరి ఎందుకు చూసినవ్?"

"తాతకు తెల్వదు నాన్నా" అంది జాలిగా. "ఉందనుకుంటున్నడు, పాపం."

మా అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి. ఆ ఫొటోలో ముఖం సున్నం కొట్టినట్టే ఉంటుంది. నీడ అన్నది మందుకైనా లేదు. పెద్దది చేయించి నా స్టూడియోలో పెట్టుకున్నాను. వచ్చినవాళ్లు "మీరే తీశారా, ఎంత బాగా నవ్విందో" అంటే తల ఊపుతాను, ఎటు ఊపానో తెలియకుండా. పిల్లలొస్తే ఇప్పటికీ పిట్ట ఎగురుతుందనే చెబుతున్నాను. ఒక్కోసారి ఒక పాప నా వంక అదే జాలితో చూస్తుంది. ఒకప్పుడైతే నీడ సరిగా పడిందా అని లైటు దగ్గరికి నడిచేవాణ్ణి. ఇప్పుడు ఆ చూపు పోకముందే కెమెరా నొక్కేస్తున్నాను.