వెనక అడుగుల చప్పుడు

నా కూతురి నుదురు పగలగొట్టింది నేనే. వంటింట్లో పప్పు ఎనుపుతుంటే వెనక నుంచి వచ్చి నడుం చుట్టేసింది. చేతిలో ఉన్న పప్పుగుత్తి తిప్పి కొట్టాను. పడిపోయాక కూడా కొట్టాను. మా అత్త పరుగెత్తుకొచ్చి లాగితే ఆమె చెయ్యి రక్తం వచ్చేట్టు కొరికాను.

మరునాడే అత్త పిల్లను దుత్తలూరులో ఉన్న తన కూతురింటికి తీసుకుపోయింది. “నువ్వు మనిషివైనాక పంపిస్తాలే” అంది. 

అంతకు ముందు సంవత్సరం ఉదయగిరిలో, మా పెరట్లో చేతిపంపు దగ్గర గిన్నెలు తోముకుంటున్నాను. పొలం గట్టు తగాదాలో మా ఆయన్ను నరకడానికి ఆయన పెదనాన్న కొడుకులు వచ్చారు. ఆయన గొర్రెలు అమ్మడానికి కొండాపురం పోయి ఉన్నాడు. మొగుడు దొరక్కపోతే పెళ్లామైనా చాలనుకున్నారు, మహా వీరులు. మొదటి వేటు మెడ వెనక పడింది. జడ అడ్డం పడబట్టి తల నిలిచింది. తెగిన జడ అంట్లలో పడింది. రెండో వేటు భుజం ఎముక దాకా దిగింది. పక్కింటివాళ్ల కేకలకు పారిపోయారు.

ఆ తర్వాత గోడకు వీపు ఆనించకుండా ఎక్కడా కూర్చోలేదు, చర్చిలో కూడా. తల ఎవరినీ దువ్వనివ్వలేదు. పెరిగిన జుట్టును పెరిగినట్టే కత్తిరించి పారేసేదాన్ని.

ప్రార్థనలయ్యాయి, సూదులయ్యాయి. చివరికి ఆత్మకూరులో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గర కూర్చోబెట్టారు. ఆమె మందు రాయకుండా, కళ్లు మూసుకుని ఆ రోజు జరిగింది చెప్పమంది. ఒళ్లు మండిపోయింది. అయినా చెప్పాను, మొదటి వేటు దగ్గర్నుంచి.

“దానికి ముందు?” అంది.

నీళ్ల గ్లాసు గోడకేసి కొట్టాను. ఆమె ఆయాతో గాజుపెంకులు ఊడ్పించి, వచ్చిన ప్రతిసారీ అదే అడిగింది. ఆమెదీ నా అంత మొండితనమే.

ఒకరోజు నోరు జారింది. “అడుగుల చప్పుడు వినబడినాది. నా బిడ్డే అనుకున్నా. తిరిగి చూడకుండా ‘రామ్మా’ అన్నా. నేనే పిలిచినా వాళ్లను.” ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకున్నాను.

“మీరు పిలిచింది బిడ్డను,” అంది డాక్టరమ్మ. “వాళ్లు మీ పిలుపు విని రాలేదు, కొడవళ్లు పట్టుకునే బయల్దేరారు. ఆ తర్వాత మీ వెనక వచ్చినవాళ్లలో ఎవరైనా నరికారా?”

“నరక్కముందే నేను కొడతా ఉండాను గదా, ఎట్ట తెలస్తాది?”

ఆమె నవ్వింది. “అయితే తెలుసుకుందాం.”

గది మధ్యలో నన్ను నిలబెట్టి, వెనక ఆయాను నడిపించింది. భయానికి చీరంతా చెమటతో తడిసిపోయేది. ఒకసారి తిరిగి ఆయా చెంప పగలగొట్టాను. “నీ చేతులిరగ, మళ్లా తిరుగు అటు,” అని తిట్టి, మళ్లీ నడిచింది ఆ తల్లి. కొన్ని నెలలకు చేతులు కదలకుండా నిలబడగలిగాను.

అప్పుడు అత్త పిల్లను తెచ్చింది, చూసి పోదామని. నుదుటి మీద నేను చేసిన మచ్చ. పిల్ల చేతికి దువ్వెన ఇచ్చి, వెళ్లి పెరటి మెట్టు మీద చేతిపంపు వైపు తిరిగి కూర్చున్నాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. అత్త కర్ర పట్టుకుని పక్కనే నిలబడింది. నా మీదకే ఆ కర్ర.

వెనక అడుగుల చప్పుడు. మెడ మీద గాయం మళ్లీ తెరుచుకున్నట్టయింది. చప్పుడు ఆగిపోయింది.

“అమ్మా, కొట్టవు గదా?” అంది.

 తిరిగి చూడలేదు.

“రామ్మా,” అన్నాను.