లలిత, లిల్లీ, లిలిత్

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అందులో ముప్పాతిక నిజం, అందుకే ఎవరూ పట్టుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది చిక్కడపల్లి. తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యాను. నా ఒక్కగానొక్క కూతురు మాధవి నారాయణగూడలోని క్రైస్తవుల అబ్బాయిని ప్రేమించి పెళ్లాడింది. పైకి ఆశీర్వదించాను. లోపల మాత్రం అది ఎప్పుడు తిరిగొస్తుందా అని చూస్తూ ఉన్నాను. 2011లో దానికి ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో లలిత, చర్చిలో లిల్లీ అని పిలుద్దామంది. రెండిళ్లకూ సరిపోయే పేరు దొరికిందని ఎంత సంబరపడిందో.

ఒక ఆదివారం వియ్యపురాలు మరియమ్మగారు వచ్చి, పేరు మంచిదేనా అని నన్నడిగారు. ఆమె తొలిచూలు బిడ్డ ఉయ్యాలలోనే పోయిందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. యూదుల కథల్లో లిలిత్ అనే పిశాచి ఉందనీ, ఆదాముకు మొదటి భార్య అంటారనీ, పసికందుల్ని పొట్టన పెట్టుకుంటుందనీ, హీబ్రూ బైబిల్లో యెషయా గ్రంథంలో ఆ మాట ఉందనీ, లలితా లిల్లీ రెండూ ఆ పేరులోంచి పుట్టినవేననీ.

ఆఖరి ముక్క ఒక్కటే అబద్ధం. లలిత సంస్కృతం, ఆటలాడే సుకుమారి. లిల్లీ లాటిన్ నుంచి వచ్చిన పువ్వు. లిలిత్ బాబిలోను వైపు గాలిదయ్యం. మూడింటికీ ఏ చుట్టరికమూ లేదు. అంతకుముందే లైబ్రరీలో నిఘంటువులు తిరగేసి రూఢి చేసుకున్నాను. ఎందుకు తిరగేశాను? అప్పటికే మనసులో ఉందా?

నేను చెప్పానని అనొద్దని ఆమెను బతిమాలాను. అననని మాటిచ్చారు.

పాపకు జ్వరం పట్టుకుంది. పేరు మార్చమని అత్త, మార్చనని కోడలు. అల్లుడు తల్లి వైపు నిలబడ్డాడు. మాధవి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఆ పేర్ల తప్పేమన్న ఉన్నదా? నువ్వన్న జర చెప్పు. అత్తమ్మ నీ మాటైతే ఇంటది."

"నాకు హీబ్రూ యాడొస్తది బిడ్డా? నేనేం చెప్త?"

నా కళ్లలోకి చూసి, నమ్మింది.

జ్వరం తగ్గింది. గొడవ తగ్గలేదు. ఏడాది తిరిగేసరికి పాపతో మా ఇంటికొచ్చేసింది. తర్వాత విడాకులు. మరియమ్మగారు నాకిచ్చిన మాట తప్పకుండానే పోయారు. కడసారి చూపుకు రమ్మంటే మాధవి వెళ్లలేదు. మూఢురాలు, నా కాపురం కూల్చింది అంది. నేను పక్కనే ఉన్నాను.

కోరుకున్నదే దక్కింది నాకు. కూతురు ఇంట్లోనే ఉంది, నవ్వదు. పాపకు బడిలో వేరే పేరు రాయించింది. నువ్వు లేకుంటే ఏమైపోదునో నాన్నా అంటూ నాకు అన్నం వడ్డిస్తుంది. తింటున్నాను.

దానికి చెప్పే ధైర్యం నాకు లేదు, ఇక రాదు. మీకు చెబుతున్నాను. కూల్చింది ఆ తల్లి కాదు. నేను.