చేటలు కట్టుకుని ఎక్కిన కొండ

నా చిన్నప్పుడు నేనూ ఒక కొండ ఎక్కాను బంగారూ. మీరు పంపిన ఫోటోలో ఉన్నట్టు మంచు కొండ కాదు, ఇసుక కొండ. కువైట్‌కి ఉత్తరాన, చదునుగా సాగే ఎడారి ఉన్నట్టుండి పైకి లేచే చోటది. మీ కాళ్ళకున్న ఆ వెడల్పాటి బుట్టల్లాంటివి చూడగానే నాకు మా పక్క గది అత్త గుర్తొచ్చింది.

అప్పుడు మేం కువైట్‌లోని ఫహాహీల్‌లో ఉండేవాళ్ళం. నాన్న డ్రైవరు. పక్క గదిలో ఉండే అత్తదీ మా కడప వైపే. పక్క ఊరు అహ్మదిలో ఒక ఇంజనీరుగారింట్లో పనిచేసేది. ఆ ఇంటి యజమానురాలిని మామా అని పిలిచేది. వాళ్ళ హాల్లో ఒక ఫోటో ఉండేదట. మామా కొడుకులిద్దరూ ఏదో దేశంలో మంచు కప్పిన కొండదారిలో నడుస్తున్నారు, కాళ్ళకి చేటల్లాంటివి కట్టుకుని.

"చేటలు తొక్కుతాండారు మే, కండ్లు పోవా?" అని అత్త మా అమ్మతో వాపోయేది. మనకి చేటంటే లక్ష్మి కదా. పొరపాటున కాలు తగిలినా కళ్ళకద్దుకుంటాం. చివరికి ఉండబట్టలేక మామానే అడిగేసింది. మామా నవ్వి, గిన్నెలో ఉన్న గోధుమపిండిలో వేలు పెట్టి చూపించిందట. వేలు దిగిపోయింది. తర్వాత అరచెయ్యి పరిచి ఆనించింది. చెయ్యి పైనే నిలిచింది.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌ని ఆక్రమించాక మామా వాళ్ళు సౌదీకి వెళ్ళిపోయారు. అంగళ్ళు మూతపడ్డాయి. దొరికే కాసిన్ని బియ్యం నిండా మట్టిగడ్డలూ రాళ్ళూ. మా బిల్డింగులో అందరి బియ్యమూ అత్త దగ్గరున్న రెండు చేటల్లోనే చెరిగించుకునేవాళ్ళం. ఇక లాభం లేదని, ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి అక్కణ్ణుంచి విమానమెక్కుదామని అందరం బయల్దేరాం. అత్త ఆ రెండు చేటలనూ చీరలో మూటకట్టింది.

"పానాలు అరచేతిలో పెట్టుకుని పోతాంటే చేటలెందుకక్కా? దోవలో వడ్లు చెరుగుతావా?" అన్నాడు నాన్న.

"నీ ఎగతాళి నాకు బువ్వ పెట్టదులే, పద" అంది అత్త.

మేమెక్కిన లారీ ఆ ఇసుక కొండ మొదలు దాకా వచ్చింది. ముందురోజు గాలికి దారంతా ఇసుక మేట వేసింది. చక్రాలు కూరుకుపోయాయి. డ్రైవరు "ఖలాస్" అని చేతులు దులిపేశాడు. ఇరాక్ వైపు పోయే బస్సులు కొండపైన నిలబడి ఉన్నాయి. ఎండ ముదరకముందే కదులుతాయి, ఎవరికోసమూ ఆగవు. అందరూ మూటలు నెత్తికెత్తుకుని ఎక్కడం మొదలుపెట్టారు.

అమ్మకి అప్పుడు ఏడో నెల. నాలుగడుగులకే మోకాళ్ళ దాకా దిగబడి కూలబడిపోయింది. నాన్న ఎత్తుకోబోతే ఇద్దరూ కలిసి ఇంకా లోతుకి దిగారు. అమ్మ నా చెయ్యి తీసి నాన్న చేతిలో పెట్టింది. "పాపను తీసుకుని నువ్వు పో. నా వల్ల కాదు" అంది.

అత్త మూట విప్పింది. చేటలు చూసి అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "వద్దొదినా! కడుపుతో ఉండి లచ్చిమిని తొక్కేదా? ఆ పాపం బిడ్డకి తగలదా?"

అత్త కోప్పడలేదు. రెండు చేటలనూ కళ్ళకద్దుకుంది. అమ్మ కళ్ళకీ అద్దింది. "బిడ్డ పడిపోతాంటే ఆ తల్లి చూస్తా కూచుంటాదా మే? ఎత్తుకుంటాది. కాలు ఇట్లియ్యి."

తన చీర కొంగు చించి, ఆ పేలికలతో అమ్మ పాదాలను చేటలకి గట్టిగా కట్టింది. అమ్మ ఏడుస్తూనే లేచి అడుగేసింది. దిగబడలేదు. ఇంకో అడుగేసింది. చేటకి చేట తగిలి తూలబోయింది.

"కాళ్ళు ఎడంగా పెట్టి బాతు మాదిరి నడువు మే! నిన్ను చూసేకి పెండ్లికొడుకోళ్ళేం రాలేదిక్కడికి!"

అమ్మకి అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. నాన్న నన్ను భుజానికెత్తుకుని ముందు నడిచాడు. వెనకనుంచి అమ్మని తోస్తూ అత్త. అడుగడుక్కీ మోకాలిదాకా దిగబడుతూ, మళ్ళీ లాక్కుంటూ, ఒక్కసారి కూడా "అమ్మా" అనకుండా ఎక్కింది ఆ మనిషి. పైన "యల్లా! యల్లా!" అని తొందరపెడుతూ అరుస్తున్న బస్సువాడి చెయ్యి పట్టుకుని నాన్న బతిమాలుతుంటే, చేటలు టపటపమంటూ అమ్మ కొండమీదికి చేరింది.

ఒక చేట అడుగు చిట్లిపోయింది. అత్త ఇసుక దులిపి, రెండింటినీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది.

కడప చేరాక తమ్ముడు పుట్టాడు. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టడం మన ఆనవాయితీ కదా. కబురందుకుని అత్త వచ్చింది, గుడ్డ వేసి కుట్టిన ఆ చిట్లిన చేట పట్టుకుని. అమ్మమ్మ కొత్త చేట తెచ్చిపెట్టినా పక్కకి నెట్టేసింది. వాణ్ణి అందులో పడుకోబెట్టి, "వీడు ఈ చేట ఎక్కేది ఇది రెండోసారి" అంది.

దండం పెట్టడం నాకు అమ్మ నేర్పింది. దండం పెట్టిన చేతుల్తోనే ముడి కూడా వెయ్యాలని అత్తను చూసి నేర్చుకున్నాను. ఇవాళ్టికీ ఏ కష్టమొచ్చినా ముందు దండం పెడతాను, వెంటనే ముడి వేయడానికి పేలిక ఎక్కడుందా అని వెతుక్కుంటాను.

మీ ఫోటో రాగానే ఫోన్ తీసి కళ్ళకద్దుకున్నాను. పెద్దమ్మ ఫోటోకి దండం పెడుతోందేమిటని మీ అమ్మ నవ్విందట. నవ్వనివ్వండి. మీ కాళ్ళకి కట్టుకున్నవేమిటో నాకు తెలుసు.