మెత్తనిది చేపకి

శనివారం ఉదయం ఎనిమిదింటికి వసంతకుమారి గారికి ఫోన్ చేసి లాభం లేదు. ఎత్తరు. ఎప్పుడైనా ఎత్తినా, "కెనాల్ దగ్గరున్నానమ్మా, తర్వాత కాల్ చేస్తా" అని గుసగుసగా చెప్పి పెట్టేస్తారు. న్యూజెర్సీ ఆసుపత్రుల్లో ముప్పై ఒక్క ఏళ్ళు నెలలు నిండని పసికందుల వార్డులో నర్సుగా పనిచేసిన మనిషి కదా, ఆ గుసగుస అప్పటి అలవాటేమో అనుకుంటారు తెలియనివాళ్ళు. కాదు. చేపలు బెదిరిపోతాయని.

ఆవిడ కూర్చునే చోటు కింగ్‌స్టన్ దగ్గర పాత లాకు. కాలువలో నీటిమట్టం మారేచోట పడవల్ని ఎక్కించడానికీ దించడానికీ గేట్లతో కట్టిన రాతి తొట్టినే లాకు అంటారు. గోదావరి జిల్లాలవాళ్ళకి ఈ మాట చెప్పనక్కరలేదు, మిగతావాళ్ళకోసం చెప్పుకోవాలి. ఇక్కడ పడవలు ఆగిపోయి తొంభై ఏళ్ళు దాటింది. లాకు కాసేవాడి చిన్న ఇల్లు మాత్రం గట్టు మీద ఇంకా ఉంది. వసంతకుమారి గారు మడత కుర్చీ ఎప్పుడూ ఆ ఇంటికి ఎదురుగానే వేసుకుంటారు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, నెత్తిన ఎండ టోపీ, పక్కన ఫ్లాస్కు, ఒళ్ళో తెల్ల రొట్టె పొట్లం.

గాలం సరంజామా చూస్తే నవ్వొస్తుంది. కొడుకు కాలేబ్ రెండు క్రిస్మసుల కింద ఖరీదైన రాడ్ కొనిపెట్టాడు గానీ అది గరాజ్‌లో మూలుగుతోంది. ఆవిడది సన్నటి పాత కర్ర, పల్చటి తాడు, గోరంత కొక్కెం. బెండు స్థానంలో సీసా బిరడా చెక్కి కట్టుకున్నారు. అది ఏ సీసా బిరడా, ఎవరింటి నుంచి వచ్చింది అని చర్చివాళ్ళెవరూ అడక్కపోవడమే మంచిది.

అసలు విద్యంతా రొట్టెలో ఉంది. ముక్కని కత్తితో కొయ్యకూడదు, చేత్తో చించాలి. చించిన ముక్కని కొక్కెం కాడ దగ్గర మాత్రమే వేళ్ళతో నొక్కి, అంచులు అలా పీచుపీచుగా వదిలెయ్యాలి. నీళ్ళు తగిలి ఉబ్బి, నెమ్మదిగా దిగుతుంటే వెండి రంగు చేపలు ఎర్రటి రెక్కలాడించుకుంటూ మూతులు చాపుతాయి. మొత్తం ఉండగా పిసికేశారా, అయిపోయింది, అది రాయిలా కిందికి పోతుంది, చేప మొహం కూడా చూడదు. గాలం వెయ్యకముందు తడిపిన రొట్టె చిటికెడు, మళ్ళీ కాసేపటికి ఇంకో చిటికెడు నీళ్ళలో జల్లాలి. తొందరపడి గుప్పెడు జల్లితే కడుపు నిండి పోతాయి. పట్టిన ప్రతి చేపనీ ఆవిడ తడి చేత్తో పట్టుకుని, కొక్కెం తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. ఈ సంగతి నరసాపురంలో చెబితే, పులుసు పెట్టుకోకుండా వదిలేశావా, మతిపోయిందా అంటారు.

ఈ విద్య నేర్పింది నాన్న పాపయ్య. నరసాపురం కాలువ మీద లాకు లస్కరు. లాంచీ వస్తే గేట్లు తిప్పడం, గట్లు చూసుకోవడం, పక్కనున్న తూము దగ్గర ఏ పొలానికి ఏ రోజు వంతో ఆ రోజు నీళ్ళు వదలడం ఆయన పని. లాంచీ నడిపే సరంగు వెళుతూ వెళుతూ పట్నం బేకరీలో మిగిలిపోయిన నిన్నటి రొట్టె ఒకటి లాకు మీదికి విసిరి పోయేవాడు. పాపయ్య దాన్ని రెండు భాగాలు చేసేవాడు. "మెత్తనిది చేపకి, గట్టిది మనకి" అనేవాడు. పిల్లలు గట్టి అంచు నములుతూ కూర్చుంటే, ఆయన దూదిలాంటి మెత్తని భాగంతో సాయంత్రానికి కూరకి సరిపడా పట్టేవాడు. ఇప్పటికీ వసంతకుమారి గారు గట్టు మీద కాఫీతో రొట్టె అంచులే తింటారు. ఇంట్లో వెన్న, జామ్, అన్నీ ఉన్నాయి, అయినా సరే.

నీళ్ళు తగ్గిన ఏడాది ఒకటి వచ్చింది. ఊళ్ళో పెద్ద ఆసామి బండి మీద అరటి గెల వేసుకుని లాకు దగ్గరికొచ్చి, "ఒరే పాపయ్యా, గేటు రెండంగుళాలు లేపరా" అన్నాడు. "మీ వంతు మంగళవారం బాబుగారూ" అన్నాడు పాపయ్య. గెల దించనివ్వలేదు, అదే బండి మీద తిప్పి పంపాడు. ఆ ఏడు కాలువ చివర శివారు చేలక్కూడా నీళ్ళందాయి. ఏడేళ్ళ వసంతకి మాత్రం పోతున్న బండీ, దాని మీద పచ్చగా ఊగుతున్న గెలా గుర్తున్నాయి. ఆ గెల మీద బెంగ ఇప్పటికీ తీరలేదు.

ఇంత గొప్ప నాన్నని ఆవిడ ముప్పై ఆరేళ్ళుగా దాచిపెట్టారు. ఇది చెప్పుకోవడానికి బాగుండదు, కానీ చెప్పాలి.

ఎనభై తొమ్మిదిలో అమెరికా వచ్చిన కొత్తలో, తెలుగు చర్చిలో మొదటి ఆదివారం. ఆరాధన అయ్యాక టీ తాగుతుంటే, పేరున్న సర్జన్ సామ్యూల్ గారి భార్య సుగుణమ్మ గారు పలకరించారు. మనవాళ్ళ పలకరింపులో ఊరి పేరు తర్వాత రెండో ప్రశ్న ఒకటే కదా. "మీ నాన్నగారేం చేసేవారమ్మా?"

"ఇరిగేషన్‌లో అండి" అన్నారు వసంతకుమారి.

"ఓహో, ఇంజనీరు గారా."

కాదు అనడానికి ఒక్క క్షణం చాలు. చుట్టూ డాక్టర్లు, సైంటిస్టులు, చేతిలో వేడి టీ. ఆవిడ టీ గుటక మింగారు, ఆ మాటా మింగేశారు. మౌనం అర్ధాంగీకారం అన్నారు, ఇక్కడ పూర్తి అంగీకారమే అయింది. ఆ రోజు నుంచి చర్చిలో ఆవిడ 'ఇంజనీరు గారమ్మాయి'. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది ఆవిడ ఆడకుండానే అతికింది, అదే వచ్చిన చిక్కు. భర్త రత్నం గారు బతికున్నన్నాళ్ళూ, "చెప్పెయ్ వసంతా, ఏం కొంపలు మునగవు" అంటూనే ఉండేవారు. "వచ్చే ఆదివారం చెప్తాలెండి" అనేవారీవిడ. ఆ ఆదివారం రానే లేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

మొన్న మే నెలలో చర్చి పిక్నిక్ ఆ కింగ్‌స్టన్ లాకు దగ్గరే పెట్టారు. చర్చికి నలభై ఏళ్ళు నిండిన సందర్భం. సామ్యూల్ గారికి రిటైరయ్యాక చేపల పిచ్చి పట్టింది. రెండు రాడ్లు, పెట్టె నిండా రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, జేబుల కోటు వేసుకుని వచ్చారు. మూడు గంటలు విసిరారు, లాగారు, చెట్టుకొమ్మకి తగిలించారు. ఒక్క చేపా పడలేదు. ఇరవై అడుగుల అవతల వసంతకుమారి గారు చప్పుడు లేకుండా పదిహేడో చేపని వదిలేస్తున్నారు. జనం ఒక్కొక్కరే అటు నుంచి ఇటు జారుకున్నారు. డాక్టర్ గారు చూసీ చూడనట్టు కాసేపు ఊరుకుని, చివరికి ఫోన్ పట్టుకుని ఆయనా వచ్చారు, వెనక సుగుణమ్మ గారు.

"వందనాలమ్మా" అన్నారు సామ్యూల్ గారు. "మన సావనీర్ పుస్తకం ఈ సాయంత్రం ప్రింట్‌కి వెళ్ళిపోవాలి. సీనియర్స్ పేజీల్లో మీదొక్కటే అప్రూవ్ కాలేదు. ఒక్కసారి చూసి ఓకే చేసెయ్యండి."

ఫోన్ ఆవిడ మొహం ముందు పెట్టారు. ఆవిడ ఫొటో బాగుంది. దాని కింద అక్షరాలు కూడా బాగున్నాయి. 'నరసాపురం కాలువపై ఇరిగేషన్ ఇంజనీరుగా పనిచేసిన కీర్తిశేషులు పాపయ్య గారి కుమార్తె.'

వసంతకుమారి గారు ఆ లైను మళ్ళీ చదివారు. ఇన్నాళ్ళూ అది గాల్లో మాట. ఇప్పుడు అచ్చవుతోంది, నాన్న పేరుతో సహా. ఇది అచ్చయితే గేట్లు తిప్పి చేతులు కాయలు కాసిన పాపయ్య ఇక ఉండడు, ఆ పేరుతో ఇంకెవరో ఇంజనీరు ఉంటాడు. కాదంటే, ఇంతమంది ముందు ముప్పై ఆరేళ్ళ మర్యాద మంటగలుస్తుంది. ఆవిడ తేలు కుట్టిన దొంగలా బిరడా వైపు చూస్తూ కూర్చున్నారు.

బిరడా ఒకసారి వణికి మునిగింది. చెయ్యి దానంతటదే లేచింది. అరచేయంత వెండి చేప, ఎర్రటి రెక్కలు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఆశ్చర్యంగా ఉందమ్మా" అన్నారు డాక్టర్ గారు. "నేను యూట్యూబ్ మొత్తం చూశాను, ఇలా ఎక్కడా లేదు. ఈ రొట్టె ట్రిక్ మీకెవరు నేర్పారు?"

ఆవిడ చేపని వదిలారు. చెయ్యి కొంగుకి తుడుచుకున్నారు. ఎదురుగా లాకు కాసేవాడి ఇల్లు కనిపిస్తోంది. దాని ముందు ఆ మనిషి పని గురించి పెద్ద బోర్డు పెట్టి, గౌరవంగా రాసి ఉంచారు ఈ దేశంవాళ్ళు. ఎవరి నాన్నో ఆయన.

"మా నాన్న నేర్పాడండి" అన్నారు. "ఆయన ఇంజనీరు కాదు. లాకు లస్కరు. ఇదిగో, అలాంటి ఇంట్లోనే పుట్టాను నేను. ఆ రోజు సుగుణమ్మ గారు పొరబడ్డారు, నేను సరిదిద్దలేదు. తప్పు నాదే."

సుగుణమ్మ గారు చేతిలోని పేపర్ ప్లేటు అటూ ఇటూ తిప్పారు. "ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేమ్మా" అన్నారు చివరికి, కోపంగానో నొచ్చుకునో.

"సిగ్గుపడ్డానండి. నాన్నని చూసి పడ్డ ఆ సిగ్గుకి ఇప్పుడు సిగ్గేస్తోంది." ఆవిడ గొంతు గుసగుస మానేసింది. "డాక్టర్ గారూ, ఆ లైను తీసెయ్యండి. నేను చెప్తా, రాసుకోండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని టైప్ చేశారు. పూర్తయ్యాక ఆవిడ వదల్లేదు. "ఒక్కసారి పైకి చదవండి" అన్నారు, అందరికీ వినబడాలని.

సామ్యూల్ గారు చదివారు. "'నరసాపురం కాలువ మీద ఇరవై తొమ్మిదేళ్ళు లాకు లస్కరుగా పనిచేసిన పాపయ్య కుమార్తె. ఆయన ఒకరి వంతు ఇంకొకరికి ఇవ్వలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ శివారు చేలకి నీళ్ళు తప్పలేదు.'"

వింటుంటే వసంతకుమారి గారి వీపు నిటారయింది. పసికందుల్ని బతికించినందుకు ఆసుపత్రివాళ్ళు పిలిచి సన్మానం చేసిన రోజున కూడా ఇంత గర్వంగా లేదు. రత్నం గారుంటే బాగుండుననిపించింది.

డాక్టర్ గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఆ పాత ఇంటి వైపు ఓసారి చూశారు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని మెల్లగా ఆవిడ పక్కన రాతి గట్టు మీద కూలబడి, రాడ్‌కి వేలాడుతున్న ప్లాస్టిక్ చేపని విప్పేసి, చెయ్యి చాపారు.

"నాకూ ఓ ముక్క పెట్టండి, లస్కరు గారమ్మాయీ."

ఆసాములు ఆయన్ని ఒరే పాపయ్యా అన్నారు. కాలువ చూడ్డానికొచ్చిన ఓవర్సీర్లు ఏయ్ లస్కర్ అన్నారు. లస్కరు పక్కన గారు పెట్టగా ఆవిడ వినడం జీవితంలో ఇదే మొదలు. కళ్ళు మసకబారాయి, అయినా వేళ్ళు పని మర్చిపోలేదు. రొట్టె చించి, మెత్తనిది డాక్టర్ గారి చేతిలో పెట్టి, గట్టి అంచు తన నోట్లో వేసుకున్నారు.