అందరి కార్డులూ మూడే

ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలిసిన రోజుల్లో నేను బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేశాను. ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో ఆరుగురం ఒక్కొక్క అంకె కార్డు ఎంచుకుని, ఒకేసారి తిప్పి చూపించాలన్నది నియమం. ఎక్కువమంది చూపించిన అంకే ఆ పనికి గడువు. మా దగ్గర మాత్రం లీడర్ ముందు తిప్పేవాడు. అది చూసి మిగతావాళ్లు కార్డు మార్చుకునేవారు.

ఆ సోమవారం వచ్చిన పని నా పక్క సీటు అమ్మాయిది. శుక్రవారం పద్మారావు నగర్‌లో వాళ్లమ్మకు కంటి ఆపరేషన్. గడువు దాటిన పని చేతిలో ఉంటే సెలవివ్వరు. అలాంటి పనులకు అంతకుముందు ఏడు, ఎనిమిది, తొమ్మిది రోజులు పట్టినట్టు నా నోటుబుక్కులో ఉంది.

లీడర్ మూడు తిప్పాడు. నేను ఎనిమిది. మిగతా నలుగురూ మూడే, ఆ అమ్మాయి కూడా.

నోటుబుక్కు చూపించాను. "మేడమ్, మీ బుక్కు మ్యూజియంల పెట్టాలె. జెర అడ్జస్ట్ చేస్కోండ్రి," అన్నాడు లీడర్. అందరూ నవ్వారు.

బయటికొచ్చాక ఆ అమ్మాయిని అడిగాను, "నువ్వెందుకు మూడు చూపించావు?"

"సార్ మూడు తిప్పినంక నేనెట్ల ఎనిమిది తిప్పుత మేడమ్?"

శుక్రవారం పదకొండింటికి, వాళ్లమ్మను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లారని ఫోనొచ్చింది. ఆ అమ్మాయి ఫోను చెవికి ఆనించుకుని ఒంటిచేత్తో టైపు చేస్తూనే ఉంది. నేను పక్కన నిలబడ్డాను. నా లెక్కన, ఆ రోజుతో కలిపి ఇంకా నాలుగు రోజుల పని ఉంది.