టోకెనమ్మ చేతికి పట్టీ

ఆవిడకి పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఇరవై ఏడేళ్ళు ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, మూరెడు వెడల్పున్న కిటికీ వెనక కూర్చుని టోకెన్లు పుచ్చుకుంది. అందుకని కార్మికులకీ, ఇరుగుపొరుగుకీ, చివరికి కూరల దుకాణం అతనికి కూడా ఆవిడ టోకెనమ్మే.

నీలం బిళ్ళ భోజనానికి, పసుపు బిళ్ళ టీకి. పదకొండున్నర నుంచి రెండున్నర దాకా ఒక్కో చెయ్యీ కిటికీలోంచి లోపలికి వచ్చేది. బిళ్ళ అంచు బొటనవేలికి తగలగానే అసలుదో నకిలీదో ఆవిడకి తెలిసిపోయేది. ఒకసారి ఎవడో బకెట్ మూత కత్తిరించి బిళ్ళలు తయారుచేస్తే మూడో రోజుకే పట్టేసింది. ఆవిడ దగ్గర ఎవరి పప్పులూ ఉడికేవి కావు.

క్యాంటీన్ కాంట్రాక్టరు ఒకనాడు మంచి హుషారులో ఉండి తన వ్యాపార రహస్యం ఆవిడ చెవిన వేశాడు. కార్మికులు నెల మొదట్లోనే నెలంతటికీ బిళ్ళలు కొనుక్కునేవారు. మధ్యలో జ్వరమొచ్చి పడుకున్నవాళ్ళు ఉంటారు, ఊరెళ్ళినవాళ్ళు ఉంటారు, ఇంటినుంచి డబ్బా తెచ్చుకున్నవాళ్ళు ఉంటారు. నెల దాటితే ఆ బిళ్ళలు చెల్లవు. “తిన్నవాడు నాకు ఖర్చమ్మా. డబ్బు కట్టి రానివాడే నన్ను పోషించేది,” అన్నాడు. ఆ మాట ఆవిడ మనసులో మేకులా దిగిపోయింది. రిటైరయ్యాక కూడా ముందుగా డబ్బు కట్టించుకునేవాడు ఎవడైనా సరే, ఆవిడ కంటికి ఆ కాంట్రాక్టరులాగే కనపడేవాడు.

అలాంటి మనిషి ముందు అల్లుడు ఓ ఆదివారం మధ్యాహ్నం ఒక సంగతి బయటపెట్టాడు. కూతురి ఇల్లు ఆవిడ ఇంటికి రెండు వీధుల అవతలే. కూతురు ఆసుపత్రిలో, విరిగి అతికిన కాళ్ళకీ చేతులకీ మళ్ళీ కదలిక నేర్పే పని చేస్తుంది. అల్లుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగిస్తాడు. మితభాషి. అత్తగారి ముందు మరీను. ఆ రోజు మాత్రం గొంతు సవరించుకుని, పిల్లల సెలవులకి అందరం మూడు రోజులు థీమ్ పార్కుకి వెళ్తున్నాం, గది తీసుకున్నాను, భోజనాలకి కూడా ముందే ప్లాన్ కొనేశాను, చేతికి పట్టీ వేస్తారు, అది మెషిన్‌కి చూపిస్తే చాలు, అక్కడ జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు అని చెప్పాడు. తొమ్మిదేళ్ళ మనవరాలు, ఐదేళ్ళ మనవడు సోఫా ఎక్కి గెంతారు.

టోకెనమ్మ గెంతలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ ప్లాన్ తాలూకు కాగితం చూపించమంది. కాగితం లేదు, ఫోన్‌లో ఉందన్నాడు. ఫోన్‌లోనే చూపించమంది. అతను చేతిలోంచి వదలకుండా, తెర మీద వేలితో పైకి తోసి తోసి, షరతులున్న చోట ఆపి ఆవిడ ముందు పెట్టాడు. పైన ఏముందో ఆవిడకి కనపడలేదు. ఆ పై భాగం చూపించకపోవడమే ఆవిడ మనసులో ముల్లులా గుచ్చుకుంది.

షరతులు మాత్రం వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. ఏ రోజు భోజనం ఆ రోజే తినాలి, మర్నాటికి చెల్లదు. పార్కులో ఉన్న దుకాణాలన్నిటిలోనూ పట్టీ పనిచేయదు. పట్టీ ఇంకొకరికి ఇవ్వకూడదు. తినని భోజనానికి డబ్బు తిరిగి రాదు. అదే క్యాంటీను, అదే కాంట్రాక్టరు, బిళ్ళకి బదులు పట్టీ. అంతే తేడా అనుకుంది. ఎవరు చెప్తే కొన్నారని అడిగింది. అల్లుడు నీళ్ళు నమిలాడు. వంటింట్లోకి వెళ్ళి కూతుర్ని అడిగితే, దానికి అప్పుడే గుర్తొచ్చినట్టు పిల్లల బూట్లు చిన్నవైపోయాయని మొదలుపెట్టింది. కూతురు మాట మార్చిందంటే ఏదో ఉంది. అల్లుడి దుకాణానికి టికెట్ల ఏజెంటు ఒకడు తరచుగా వస్తాడని ఆవిడ ఎప్పుడో విని ఉంది. ఆ రెండూ ముడిపెట్టుకుని, ఇందులో అల్లుడికేదో ముడుతోందని తీర్మానించుకుంది. బయటికి అనలేదు. కిటికీ వెనక మనిషి ముందే అరవదు, బిళ్ళ చేతికి తగిలేదాకా ఆగుతుంది.

వాళ్ళతో కలిసి ఊరెళ్ళడం ఆవిడకి కొత్తేమీ కాదు. రెండేళ్ళ కిందట సముద్రం ఒడ్డుకి వెళ్ళారు. అక్కడ రెండు రోజులూ ఆవిడ కడుపు బరువుగా ఉందంటూ గడిపింది. ఈసారి అలాంటిదేమీ ఉండకూడదని బయల్దేరేటప్పుడు కూతురు గట్టిగా చెప్పింది.

పార్కు గేటు దగ్గర పట్టీలు వేశారు. అందరివీ ఒకటే ఆకుపచ్చ రంగు, పిల్లలవి కాస్త సన్నం. టోకెనమ్మ తన పట్టీని వేలితో తడిమి చూసింది. అంచూ లేదు, బరువూ లేదు. చేతికి తగలని వస్తువుని నమ్మడం ఎలాగో ఆవిడకి తెలియలేదు.

మొదటి పూటే ఆవిడ అనుమానాలు నిజమవుతూ వచ్చాయి. పిల్లలు నీళ్ళలోకి జారే పడవ ఎక్కడానికి గంట సేపు క్యూలో నిలబడ్డారు. సరిగ్గా వాళ్ళ వంతు దగ్గరపడేసరికి భోజనాల వేళ దాటిపోతుందేమోనని క్యూ వదిలేసి పరిగెత్తాల్సి వచ్చింది. పట్టీ చెల్లే హోటలు పార్కుకి ఆ చివరుంది. అక్కడ మళ్ళీ నలభై నిమిషాల క్యూ. మనవడు పడవ పోయిందన్న ఏడుపుతో రొట్టె అంచు కొరికి పక్కన పెట్టేశాడు. మనవరాలికి కావలసిన ఐస్‌క్రీమ్ బండి మీద ఉంది, బండికి పట్టీ చెల్లదు. టోకెనమ్మ తింటూనే ఎంగిలి పళ్ళేలు పడేసే తొట్టి వైపు చూస్తూ కూర్చుంది. సగానికి సగం ముట్టని పళ్ళేలే. ఆవిడ లెక్క ప్రకారం ఇక్కడి కాంట్రాక్టరు పాత కాంట్రాక్టరుకి తాతలాంటివాడు.

సాయంత్రం ఏడింటికి రెండో భోజనం. అల్లుడు తనకి ఆకలి లేదనీ, బల్ల కాచుకుని కూర్చుంటాననీ అన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. డబ్బు కట్టి తినకపోవడమంటే కాంట్రాక్టరు జేబు నింపడమే కదా. తినకపోతే పోనీ, పళ్ళెం తీసుకోవాల్సిందేనని, అల్లుడి ముంజేయి పట్టుకుని కౌంటరు దాకా లాక్కెళ్ళింది. పదకొండేళ్ళలో ఆవిడ అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. అతను వద్దండీ వద్దండీ అంటూనే ఉన్నాడు. ఆవిడ ఆ చేతిని మెషిన్ మీద పెట్టేసింది.

ఎర్ర దీపం వెలిగింది.

కౌంటరు వెనక ఉన్నావిడకి యాభై ఏళ్ళుంటాయి. తెల్ల టోపీ, చేతులకి పల్చటి తొడుగులు. ఈయనకి ఇవాళ్టి భోజనాలు అయిపోయాయండీ అంది. టోకెనమ్మ మెషిన్ వైపు వంగింది. దొరికింది. ఇన్నాళ్ళకి బిళ్ళ అంచు వేలికి తగిలింది.

“మధ్యాహ్నం ఒక్కసారే తిన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మీరే మెషిన్‌లో రెండుసార్లు కొట్టుకున్నారు,” అంది.

కౌంటరు వెనకావిడ అలాంటిదేమీ లేదంది. టోకెనమ్మ గొంతు పెంచింది. నాకూ ఇదే పని, ఇరవై ఏడేళ్ళు చేశాను, ఎలా కొడతారో నాకు తెలుసు అంది. క్యూలో వాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. తెల్ల టోపీ ఆవిడ మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. అల్లుడు చాలా చిన్న గొంతుతో, “వదిలేయండి అత్తయ్యగారూ, పొరపాటు నాదే,” అన్నాడు. టోకెనమ్మకి ఆ మాట చెవికెక్కలేదు. ఎక్కినా, తప్పు చేసినవాళ్ళని కాపాడుతున్నాడనే అనుకునేది.

సూపర్‌వైజరు వచ్చాడు. మర్యాదగానే అల్లుడి పట్టీ మీది నంబరు కొట్టి, తెర చూసి, అందరికీ వినపడేలా చదివాడు. ఈ పట్టీకి చిన్న ప్లాన్ అండీ, రోజుకి ఒక్క భోజనం, ఒక చిరుతిండి అంతే. మిగతా నాలుగు పట్టీలవీ పూర్తి ప్లాన్లు, రెండేసి భోజనాలు. మీ పట్టీకి ఇంకో భోజనం ఉందండీ, మీరు తీసుకోవచ్చు అన్నాడు టోకెనమ్మతో.

టోకెనమ్మకి తల కొట్టేసినట్టయింది. ఫోన్‌లో పైకి తోసేసిన భాగం ఏమిటో అప్పుడు అర్థమైంది. ఐదుగురికీ పూర్తి ప్లాన్ కొనడానికి డబ్బు చాలలేదు. తగ్గించుకున్నది ఎవరో తెర మీద నంబరుతో సహా ఉంది. అల్లుడు ఎవరి మొహమూ చూడకుండా బల్ల దగ్గరికి వెళ్ళి మనవడి పళ్ళెంలో బంగాళాదుంప ముక్కలు చేస్తూ కూర్చున్నాడు.

కూతురు తల్లిని హాలు బయట ఉన్న బెంచీ దగ్గరికి తీసుకెళ్ళింది. కోపంగానే చెప్పింది. సముద్రం దగ్గర నీ కడుపుకేం కాలేదమ్మా, ధరల బోర్డు చూసినప్పుడల్లా నీకు కడుపు బరువెక్కింది. రెండు రోజులు సంచీలో బిస్కెట్లు తిని బతికావు. తిరుగు ప్రయాణంలో బస్సులో కళ్ళు తిరిగి పడితే, ఆయన ఒళ్ళో తల పెట్టుకుని మొహాన నీళ్ళు కొట్టాడు. నువ్వు అదంతా ఎండ వల్లన్నావు. అప్పుడే అనుకున్నాడు, ఈసారి మీ అమ్మ పళ్ళేనికి ముందే డబ్బు కట్టెయ్యాలి, కట్టేసిన భోజనాన్ని ఆవిడ చచ్చినా వదలదు అని.

“మరి నాతో చెప్పొచ్చుగా,” అంది టోకెనమ్మ.

“చెప్తే వచ్చేదానివా?”

 టోకెనమ్మ తన చేతి పట్టీని వేలితో తిప్పింది. అల్లుణ్ణి అనుమానించినందుకంటే, ఆ ఏజెంటు గురించి మనసులో అల్లుకున్న కథ తల్చుకుంటే ఆవిడకి ఎక్కువ సిగ్గేసింది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఒకసారి కొత్తగా చేరిన ఫిట్టరు, నా బిళ్ళ తీసుకుని లేదంటోందని అందరి ముందూ ఆవిడ మీద అరిచాడు. బిళ్ళ అతని చొక్కా జేబులోనే దొరికింది గానీ, వారం రోజులు ఆవిడకి అన్నం సహించలేదు.

లోపలికి వెళ్ళి తన రెండో భోజనం తీసుకుంది. షరతుల్లో పట్టీ ఇంకొకరికి ఇవ్వకూడదని ఉంది. పళ్ళెం ఎవరు తినాలో ఎక్కడా రాయలేదు. పళ్ళెం తెచ్చి అల్లుడి ముందు పెట్టి, ఖాళీ పళ్ళెం ఒకటి అడిగి తెచ్చుకుని సగం తనవైపు లాక్కుంది. నిజంగానే ఆకలి లేదన్నాడతను.

“బాబూ, ఆకలి లేదని చెప్పేవాళ్ళని కిటికీలోంచి నేను చాలామందిని చూశాను. మీకు సరిగ్గా చెప్పడం రాదు. తినండి.”

అతను తిన్నాడు.  మాట్లాడుకోవాల్సినదాంట్లో సగం పళ్ళెంలోనే అయిపోయింది, మిగతా సగం ఇద్దరికీ అలవాటు లేదు.

మర్నాడు పొద్దున హోటలు తలుపులు తీసే వేళకే టోకెనమ్మ కౌంటరు దగ్గరికి ఒక్కతే వెళ్ళింది. తెల్ల టోపీ ఆవిడ ఈవిణ్ణి చూడగానే చేతులు కట్టుకుని నిలబడింది. టోకెనమ్మ సూటిగా, నిన్న తప్పు నాదండీ, మీ పనిలో లోపం లేదు, నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురిలోనే ఒప్పుకుంటానంది. క్యూ ఇంకా లేదుగా అని అవతలావిడ గుర్తు చేసింది. అయితే వచ్చేదాకా ఉంటానని టోకెనమ్మ పక్కకి తప్పుకుని నిజంగానే నిలబడింది. పదిమంది చేరాక మళ్ళీ అదే మాట అంది. తెల్ల టోపీ ఆవిడ చేతులు విప్పి, “సరే వెళ్ళండి, వెనకవాళ్ళున్నారు,” అంది. క్షమించినట్టో కాదో తెలియలేదు. కానీ మూడింటికి రమ్మనీ, అప్పుడు క్యూ ఉండదనీ, పెద్ద పళ్ళెం అడగమనీ గొంతు తగ్గించి చెప్పింది.

మిగిలిన రెండు రోజులూ టోకెనమ్మే దళపతి. పన్నెండింటికి అందరూ తిండికి పరిగెత్తుతుంటే తనవాళ్ళని ఖాళీగా ఉన్న పడవ క్యూకి తోలింది. మనవడు పడవ నాలుగుసార్లు ఎక్కాడు. మూడింటికి భోజనం, పెద్ద పళ్ళేలు రెండు తీసుకుని ముగ్గురు పెద్దవాళ్ళూ పంచుకున్నారు, అలా రాత్రికి తలా ఒక భోజనం మిగిలింది. అలాగని ఆవిడ అనుమానం చచ్చిపోలేదు. ప్రతిసారీ మెషిన్ మోగిన మోత లెక్కపెట్టింది. చిరుతిండి కింద ఇచ్చే జ్యూసు గ్లాసు నిన్నటికంటే చిన్నదని సూపర్‌వైజరుని పిలిపించి, పాత గ్లాసు పక్కన పెట్టి కొలిపించింది. చిన్నదే. ఇంకో గ్లాసు ఇచ్చారు. అల్లుడు తల పక్కకి తిప్పుకుని నవ్వడం మనవరాలు చూసింది.

ఆఖరి రోజు ఐదు చిరుతిళ్ళు మిగిలిపోయాయి. వాటిని వదిలి వెళ్ళడానికి ఆవిడ ఒప్పుకోలేదు. బస్సు కదలడానికి పావుగంట ముందు ఐదు పొట్లాల పేలాలు తెచ్చి తలా ఒకటి చేతిలో పెట్టింది. ఎవరికీ కడుపులో చోటు లేదు. మనవడు తనది దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు. సీటు నిండా పేలాలే. కూతురు విసుక్కుంది. ఆవిడ పట్టించుకోలేదు.

ఊరొచ్చిన వారానికి, ఎదురింటి టైలరు తన ఫోన్ పట్టుకుని టోకెనమ్మ దగ్గరికి వచ్చాడు. వాళ్ళింట్లో ఆరుగురు, అదే పార్కుకి వెళ్దామనుకుంటున్నారు. భోజనం ప్లాన్ కొనాలా వద్దా అని అడిగాడు. ఆవిడ ఫోన్ తీసుకుని ఈసారి పైనుంచి కిందిదాకా చదివింది. మీ పిల్లలు కుదురుగా కూర్చుని తింటారా అని అడిగింది. నడుస్తూనే తింటారన్నాడు. తిండి నచ్చకపోతే మీ ఆవిడ పక్క దుకాణానికి వెళ్తుందా అంది. తప్పకుండా వెళ్తుందన్నాడు.

“అయితే కొనకండి. ఆకలేసినప్పుడు ఎక్కడ నచ్చితే అక్కడ తినండి. వాళ్ళు మీరు తినరనే నమ్మకంతోనే అమ్ముతున్నారు.”

మరి మీవాళ్ళు కొన్నారుగా అన్నాడు టైలరు.

మా ఇంటి సంగతి వేరండీ అని, ఫోన్ తిరిగి అతని చేతిలో పెట్టి, పొయ్యి మీద పాలు పెట్టానంటూ ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.